ఎదురు పురి

నా చిన్నప్పుడు మా ఇంటి వసారాకి పక్షం రోజుల పాటు ఒక చిరిగిన పంచె వేలాడింది. మేము వేలాడదీసుకున్నది కాదు, ఊరు వేలాడదీసింది. దాన్ని ముట్టుకునే హక్కు మాకు లేదు. దాని కింద నుంచి తల వంచుకుని లోపలికీ బయటికీ తిరగాలి. ఇప్పుడు నాకు మునిమనవలు పుట్టారు. నిన్న తిన్న కూర ఏమిటంటే తడుముకుంటాను. ఆ పంచె చిరుగు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో మాత్రం ఇప్పుడడిగినా చెబుతాను.

మాది బండారులంక. మగ్గం తప్ప మరో పని తెలియని ఇల్లు. గన్నవరం దగ్గర గోదావరి పాయ మీదుగా కాలువను దాటించడానికి దొరలు వంతెన కట్టిస్తున్న రోజులవి. అప్పుడప్పుడే ఓడల మీద సీమ నూలు దిగడం కూడా మొదలైంది. యంత్రం వడికిన నూలు. చూడటానికి నున్నగా, ఒకే తీరుగా ఉండేది గాని నాలుగు ఉతుకులకే నీరసించిపోయేది. అందుకని మా ఊరి బట్టలన్నీ తీసుకునే షావుకారుగారు, తన దగ్గరికొచ్చే పంచెల్లో చేతి నూలు తప్ప మరొకటి ఉండకూడదని కట్టడి చేశారు. కట్టడి తప్పినవాడి బట్టను అందరి ముందూ చింపి, వాడి వసారాకే కట్టేవారు. కులపెద్ద విప్పమనేదాకా అది అక్కడే ఉండాలి. అన్నాళ్ళూ ఆ ఇంటి మగ్గానికి నూలు ఇవ్వరు. ఆ గడప తొక్కి ఎవరూ మంచినీళ్ళయినా పుచ్చుకోరు.

ఆ ఏడు మా నాన్న ఒక పంచెలచాపు నేశాడు. నిలువు పోగుల పడుగూ, అడ్డపోగుల పేకా అంతా మా మామ్మ, అంటే నాన్నను కన్నతల్లి, నాలుగు నెలలు కూర్చుని వడికిన నూలే. అది చేతిలోకి తీసుకుంటే పసిపిల్ల బుగ్గ తగిలినట్టుండేది. నాన్న దాన్ని షావుకారుగారి గుమాస్తాకు అప్పజెప్పి వచ్చాడు. ప్రతి చాపుకీ నేసినవాడి గుర్తు గీసిన తాటాకు ముక్క కట్టి ఉంటుంది. ఎవరి నేత ఏదో తెలిసేది ఆ ముక్కను బట్టే. వారం తరవాత షావుకారుగారి అరుగు మీద అందరి చాపులూ విప్పి చూస్తే, మా నాన్న గుర్తు ఉన్న చాపులో పేక అంతా సీమ నూలని తేలింది.

అది తన నేత కాదని నాన్న మొత్తుకున్నాడు. గుమాస్తా నవ్వాడు. ఆ మనిషి ఎవరినీ ఏనాడూ గట్టిగా తిట్టి ఎరగడు. ముక్కు నిండా నస్యం పీల్చి, కండువాతో తుడుచుకుని, పాకం కారుతున్నట్టు మాట్లాడేవాడు. "తప్పు చెయ్యనోళ్ళెవరండీ. ఒప్పేసుకుంటే పోయేదానికి ఇంత యాతన ఎందుకండీ" అన్నాడు నాన్నతో. అని, ఆ నవ్వుతోనే పంచె అంచును పళ్ళతో కొరికి, రెండు చేతులా పట్టుకుని బర్రున చింపాడు. నేను నాన్న పక్కనే ఉన్నాను. నాకప్పుడు ఎనిమిదేళ్ళు. మనిషిని కొరకాలనిపించడం అంటే ఏమిటో నాకు ఆ రోజే తెలిసింది.

అదే పూట, అదే అరుగు మీద, గుమాస్తా బావమరిది గుర్తు కట్టి ఉన్న చాపును అందరూ తడిమి తడిమి మెచ్చుకున్నారు. ఇంత మెత్తటి నేత ఈ ఏడు మరొకటి రాలేదన్నారు. మురమళ్ళ వీరేశ్వరస్వామి కల్యాణానికి షావుకారుగారు ఏటా పంచెలు పెట్టేవారు. ఈసారికి ఆ చాపునే ఎంచి, పసుపు బట్టలో చుట్టి లోపల పెట్టించారు. పున్నమి వెళ్ళిన మర్నాడు అది పడవెక్కి మురమళ్ళ వెళ్ళాలి.

నాన్న ఇంటికొచ్చి మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చున్నాడు. నేయడానికి పోగు లేదు, ఊరికే కూర్చునేవాడు. నాలుగో రోజున, గన్నవరం వెళ్ళి వంతెనకు రాళ్ళు మోస్తానన్నాడు. పున్నమి దాకా చూస్తానన్నాడు. వెళ్తే ఇక మగ్గం దించేసినట్టేనని మా అందరికీ తెలుసు. అమ్మ పొయ్యి దగ్గర కూర్చుని పొగ వంక పెట్టుకుని ఏడ్చేది.

నేను మాత్రం ఏడవలేదు. గుమాస్తాను ఏం చెయ్యాలా అని రోజంతా ఆలోచించేదాన్ని. నస్యం డబ్బీలో మిరప్పొడి కలపాలనుకున్నాను. కాలవ గట్టున నడుస్తుంటే వెనకనుంచి తోసేద్దామనుకున్నాను. అతని పెరట్లో అరటి పిలకలన్నీ పీకేద్దామనుకున్నాను. ఇవన్నీ పూసగుచ్చినట్టు మామ్మకి చెబితే, ఆవిడ వద్దనలేదు. తప్పమ్మా అని కూడా అనలేదు. శ్రద్ధగా విని, "మిరప్పొడి ఒక పూట మండుద్దే బుల్లీ. ఆయనకి బతికున్నన్నాళ్ళూ మండేది చేద్దాం ఉండు" అంది.

మామ్మ నూలుకు ఒక ప్రత్యేకత ఉంది. ఆవిడది ఎడమచేతి వాటం. రాట్నం అందరూ తిప్పే వైపు కాక ఎదురువైపు తిప్పేది. దాంతో ఆవిడ పోగుకు పురి కూడా ఎదురుగానే ఎక్కేది. మామూలు పోగును రెండు వేళ్ళ మధ్య పట్టుకుని బొటనవేలు ముందుకు జరిపితే పురి ఇంకా బిగుస్తుంది. మామ్మ పోగును అలా చేస్తే పురి విడిపోయి దూదిలా విచ్చుకుంటుంది. ఊళ్ళో ఆవిడ ఎడమచేతి వాటం ఎరగనివాళ్ళు లేరు గాని, పోగు సంగతి మా ఇంట్లో తప్ప ఎవరూ పట్టించుకోలేదు. నేసి గంజి పెట్టాక పోగు బిర్రబిగిసిపోయి కంటికేమీ తెలియదు. తడి చేసి వేలితో చూస్తేనే తెలుస్తుంది.

వసారాలో వేలాడే పంచెలో మామ్మ నూలు లేదని మాకు మొదటి రోజే తెలుసు. కాని ఆ మాట చెప్పి లాభమేముంది? లేదనేగా వాళ్ళు అంటున్నది! అసలు చాపు ఎక్కడుందో తేలాలి. అది ఎక్కడుందో మామ్మ ఊహించే ఉంటుంది. అయినా నోరు మెదపలేదు. ఆ మాట పొక్కితే మర్నాటికల్లా ఆ చాపు మాయమవుతుందని ఆవిడకి తెలుసు. తను వెళ్ళి వేలితో చూసి చెప్పినా, నేరం మోపబడినవాడి తల్లి మాట ఎవరూ నమ్మరు. అందుకని నాకు కూడా ఏమీ చెప్పకుండా నా చేత ఒక ఆట మొదలుపెట్టించింది.

మధ్యాహ్నం అన్నాలయ్యాక పెరట్లో నీడన కూర్చోబెట్టి, పాతచీర ముక్కతో నా కళ్ళకు గంతలు కట్టేది. చేటలో పెసలూ మినుములూ ఉలవలూ కలిపి పోసి, వేరు చెయ్యమనేది. ఉలవ బల్లపరుపుగా ఉంటుంది గనక సులువే, పెసరకీ మినుముకీ తేడా తెలియడానికి నాకు రెండు రోజులు పట్టింది. తరవాత నన్ను అలాగే గంతలతో వీధిలోకి తీసుకెళ్ళేది. మా వీధిలో గంజి పెట్టిన పడుగులు బారుగా ఆరబెట్టి ఉంటాయి. వాటి పక్కనుంచి నడిపిస్తూ, వాసన బట్టి ఎవరింటి ముందున్నామో చెప్పమనేది. ఒకరింటి గంజి పులిసి ఉండేది, ఒకరింటిది మాడు కొట్టేది. ఆ చివరింటి అత్తగారు గంజిలో కాస్త కొబ్బరినూనె వేస్తుందని నేను కనిపెట్టినప్పుడు మామ్మ నా వీపు తట్టింది. మమ్మల్ని చూసి వీధిలో వాళ్ళు ముసలమ్మకి మతి పోయిందన్నారు. అననివ్వు అంది మామ్మ.

చివరికి పోగులు చేతికిచ్చింది. వేలికొసను నాలుకకి అద్దుకుని, పోగు చివర తడిపి, మూడుసార్లు నలిపి చెప్పాలి. తొందరపడి చెబితే లెక్కలోకి రాదు. తప్పు చెబితే కొట్టేది కాదు, తిట్టేది కాదు. చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి ఆ చిరిగిన పంచె కింద కూర్చోబెట్టేది. వీధిలో పోయే ప్రతివాళ్ళూ దాన్ని చూసి, తరవాత నన్ను చూసి పోయేవాళ్ళు. ఒళ్ళంతా కారం రాసుకున్నట్టుండేది. తిరిగి పెరట్లోకి వెళ్ళాక నా వేళ్ళు ఇంకాస్త జాగ్రత్తగా పనిచేసేవి.

ఒక రోజు మామ్మ నా చేతిలో పోగు పెడుతూ, "ఇది గుమాస్తా బావమరిది ఇంటి నూలు, ఎలా ఉందో చెప్పు" అంది. నేను వేలు సరిగా ఆడించనైనా లేదు. ముతకగా ఉందన్నాను. పురి తిన్నగా లేదన్నాను. కంపు కొడుతోందని కూడా అన్నాను. మామ్మ గంతలు విప్పింది. అది ఆవిడ కదురు మీద నుంచి అప్పుడే తెంపిన పోగు! నాకు ఏడుపొచ్చింది.

"నీ వేలు చెప్పలేదే ఆ మాట, నీ కోపం చెప్పింది. కోపానికి వేళ్ళుండవే బుల్లీ, దానికి నూలు సంగతి ఏం తెలుద్ది? కోపం నీ దగ్గరే ఉంచుకో, పారెయ్యమన్లేదు. అది మాట్టాడకుండా మాత్రం చూసుకో."

ఆ రోజు పొద్దు వాలేదాకా పంచె కింద కూర్చున్నాను. మర్నాటి నుంచి మామ్మ ఎవరి పేరు చెప్పి ఏ పోగు చేతిలో పెట్టినా, మూడుసార్లు నలిపేదాకా నా నోరు పెగల్లేదు.

పున్నమికి ముందు రోజు పొద్దున్నే మామ్మ నన్ను వెంటబెట్టుకుని కులపెద్దగారింటికి వెళ్ళింది. గడప దిగువనే నిలబడి, "మా ఇంటి నూలు మా పిల్లకి కళ్ళకి గంతలు కట్టినా తెలుద్దండి. షావుకారుగారింట్లో ఉన్న బట్టలన్నీ ఒక్కొక్కటే దాని చేతికివ్వండి. ఒక్కటి తప్పు చెప్పినా మేమంతా ఈ ఊరొదిలి పోతామండి" అంది. ఆ సంగతి నాకు ముందు చెప్పలేదు. గుమాస్తాను పిలిపించి అడిగితే, "ఆయ్, దాందేముందండీ, చిన్నపిల్ల ఆడుకుంటానంటే మనం కాదనడమెందుకండీ" అని నవ్వాడు.

ఆ పూటే షావుకారుగారి అరుగు మీద నన్ను కూర్చోబెట్టారు. చుట్టూ మా వీధి వీధంతా ఉంది. నాన్న రాలేదు. షావుకారమ్మగారు స్వయంగా వచ్చి నా కళ్ళకు గంతలు బిగించి కట్టారు. మొదటి బట్ట ఒళ్ళో పడగానే నేను అలవాటు కొద్దీ వేలు నాలుకకి అద్దుకున్నాను. అరుగంతా ఒక్కసారి అయ్యయ్యో అంది. స్వామికి పెట్టే పంచెలు కూడా ఆ బట్టల్లోనే ఉన్నాయి, ఎంగిలి తగిలితే ఇంకేమైనా ఉందా! షావుకారుగారు గబుక్కున లేచారు. "అయితే ఇంక ఆట అయిపోయినట్టేనండి" అన్నాడు గుమాస్తా.

పెరట్లో అన్ని రోజులు నేర్పిన మామ్మకి గాని, నేర్చుకున్న నాకు గాని ఆ ఆలోచనే రాలేదు. మా ఇంట్లో నూలు నూలే, దేవుడి నూలని వేరే లేదు. ఎండు వేలితో గంజి పట్టిన పోగు విచ్చుకోదు. ఇక మూటాముల్లె సర్దుకోవడమే అనుకుంటుండగా షావుకారమ్మగారి గొంతు వినబడింది. "కొత్త బట్టకి ఎలాగూ మూలకి పసుపు పెట్టాలి గదండీ. ఈ పిల్ల పెడితే తప్పేంటండీ?" అన్నారావిడ. షావుకారుగారు మళ్ళీ కూర్చున్నారు. గిన్నెలో పసుపు కలిపి తెచ్చి, నా వేలు పట్టుకుని అందులో ముంచారు. ఆవిడ చెయ్యి చల్లగా ఉంది.

మొదటి చాపు చివర విడిచిన పోగు ఒకటి పట్టుకుని, తడిపి, నలిపాను. బిగుసుకుంది. మాది కాదండి అన్నాను. రెండోదీ కాదు, మూడోదీ కాదు. జనంలో గుసగుసలు మొదలయ్యాయి. ఈ పిల్ల అన్నింటికీ కాదనే చెప్పేలా ఉంది అన్నారెవరో.

అప్పుడు నా ఒళ్ళోకి ఇంకో బట్ట వచ్చింది. ఎవరిచ్చారో తెలియదు. చేతిలోకి తీసుకోగానే గుప్పున నస్యం వాసన.

అది గుమాస్తా కండువా. నన్ను పరీక్షించడానికి తనే భుజం మీద నుంచి తీసి, అందరికీ కన్నుగీటి నా ఒళ్ళో వేశాడని తరవాత చెప్పారు. అప్పుడు నాకు అదేమీ తెలియదు. నాకు తెలిసిందల్లా, నాన్నను నవ్వుతూ చింపిన మనిషి నా ఎనిమిదేళ్ళ చేతుల్లో ఉన్నాడని. మాదేనండి అన్న ఒక్క మాట చాలు. ఊరంతా వింటోంది. అతను మా నూలు దొంగిలించి కండువా నేయించుకున్నాడని రేపటికల్లా అమలాపురం దాకా పాకిపోతుంది. మాట నాలుక చివరిదాకా వచ్చేసింది. దాని తియ్యదనం కూడా నోటికి తెలిసింది.

పోగు పట్టుకున్నాను. పసుపునీళ్ళు అద్దాను. నలిపాను. బిగుసుకుంది. ఈసారైనా విడిపోతుందేమోనని మళ్ళీ నలిపాను. మళ్ళీ బిగుసుకుంది. మూడోసారి నలుపుతున్నప్పుడు నా కళ్ళల్లోంచి నీళ్ళు కారి గంతలు తడిసిపోయాయి. అంత ఇష్టంలేని మాట నా జన్మలో మరొకటి అనలేదు. "మాది కాదండి" అన్నాను.

పిల్ల వేలు అబద్ధం చెప్పడం లేదన్నారెవరో. కులపెద్దగారి గొంతు వినబడింది. "ఆ పసుపు బట్టలోది కూడా ఇవ్వండి" అన్నారు. "అది స్వామిదండి, నలుగురి చేతులూ తగలకూడదండి" అన్నాడు గుమాస్తా. ఆ గొంతులో పాకం లేకపోవడం వినడం నాకదే మొదటిసారి. "పసుపు పెట్టేది ఆడపిల్లే గదండీ. ఇవ్వండి" అన్నారు కులపెద్దగారు.

ఆ చాపు ఒళ్ళో పడగానే నా అరచేతులకి తెలిసిపోయింది. అయినా నమ్మలేదు. నా కోపమే చెబుతోందేమో అనుకున్నాను. పోగు తడిపి బొటనవేలు ముందుకు జరిపాను. విడిపోయింది. రెండో చివర పట్టుకుని చూశాను. అదీ విచ్చుకుంది. అంచు దగ్గర నుంచి అడ్డపోగు లాగి చూశాను. అదీ అంతే. "ఇది మా మామ్మ వడికిన నూలండి" అన్నాను. నా గొంతు నాకే పెద్దగా వినబడింది.

తరవాత కులపెద్దగారు పసుపునీళ్ళలో వేలు ముంచి తనే పోగు నలిపి చూశారట. ఆయనా చిన్నప్పటి నుంచి మగ్గం మీద కూర్చున్నవారే. చూసి, ఎడమచేతి నూలు ఈ ఊళ్ళో ఒక్క ఇంటిదేనన్నారు. ఆ తరవాత నేతవాళ్ళందరూ ఒకరి వెనక ఒకరు వచ్చి వేళ్ళు ముంచి చూడటం మొదలుపెట్టారు. నా గంతలు ఎవరూ విప్పలేదు. నేనే విప్పుకున్నాను, గుమాస్తా మొహం చూడాలని. పది పన్నెండు పసుపు వేళ్ళు ఆ చాపును నలిపేసరికి అతని బావమరిది నేల మీద చతికిలబడ్డాడు. "సీమ నూలు చాపు నాదేనండి. తాటాకు ముక్కలు బావే మార్చేడండి. నన్ను ఊరుకోమన్నాడండి" అన్నాడు.

మా వసారాకి కట్టిన పంచెను గుమాస్తా చేతే విప్పించారు. దాన్ని కండువాలా భుజాన వేసుకుని, మా వీధి ఈ చివర నుంచి ఆ చివర దాకా నడిచి తన ఇంటి వసారాకి తనే కట్టుకోవాలన్నారు కులపెద్దగారు. అతను నడుస్తుంటే నేను వెనకాలే నడిచాను, మడమలు తొక్కేంత దగ్గరగా. అతని ఇంటి గుమ్మంలో నా ఈడు కూతురు నిలబడి ఉంది. తండ్రిని చూసి, భుజాన ఉన్నది చూసి, లోపలికి పరిగెత్తింది. ఆ పిల్లను చూసి నాకు జాలి కలిగిందని చెబితే వినడానికి బాగుంటుంది. కలగలేదు. ఆ పూట అమ్మ చేసిన పనసపొట్టు కూరతో రెండుసార్లు అన్నం పెట్టించుకుని తిన్నాను. నాన్న కూడా కంచం ఖాళీ చేశాడు. ఆయన గుర్తుతోనే ఆ చాపు మురమళ్ళ వెళ్ళింది. గన్నవరం ఊసు మా ఇంట్లో మళ్ళీ రాలేదు.

నాలుగైదు రోజుల తరవాత మామ్మ పత్తిలో గింజలు తీస్తుంటే పక్కన కూర్చున్నాను. లోపల తొలుస్తున్న మాట అడిగేశాను. "మామ్మా, ఆ కండువా మనదే అనేస్తే ఏమయ్యేది?"

మామ్మ చేతిలో పత్తి కాయ పూర్తిచేసి చేటలో వేసింది.

"నేనైతే అనేసేదాన్నే" అంది. "ఆయన నస్యం వాసన తగిల్తే నా వేళ్ళు నా మాట వినవే. అందుకే నిన్ను కూర్చోబెట్టేను."

ఆ మాట నాకు అప్పుడు సగమే అర్థమైంది. మిగతా సగం బతికే కొద్దీ అర్థమైంది. నా పిల్లలకీ, వాళ్ళ పిల్లలకీ గింజలు, గంజి వాసనలు, పోగులు అన్నీ గంతలు కట్టే నేర్పాను. వేళ్ళు నేర్చుకోవడం తేలికే. ఇష్టంలేనిది చెప్పినప్పుడు వాటి మాట వినడమే కష్టం. నాకు అన్యాయం చేసినవాళ్ళు తరవాత కూడా తగిలారు. వాళ్ళ మీద లేనిపోనిది ఒక్క మాట కల్పిస్తే చాలునన్న సమయాలూ వచ్చాయి. అలాంటప్పుడల్లా నా కుడిచేతి బొటనవేలు చూపుడువేలి మీద దానంతటదే మూడుసార్లు కదులుతుంది. నేను మంచిదాన్నని ఎవరూ అనుకోనక్కర్లేదు. ఆ గుమాస్తా ఊరొదిలి రాజోలు వైపు వెళ్ళిపోయాడు, చాలా ఏళ్ళకి పోయాడని కబురొచ్చింది. నేను అయ్యో అనలేదు. ఈ రోజుకీ అతన్ని క్షమించలేదు, క్షమించను కూడా. కాని అతని కండువా ఎవరిదని అడిగితే మాత్రం, అది అతనిదే.